ప్రతీకార చర్యల పరిశోధకుడు ఇవాన్ పావ్‌లోవ్

రంజాన్ మాసంలో సాయంత్రం ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ అనుభవమయ్యే విషయం ఒకటుంది. పగలంతా ఎండిపోయి ఉన్న నోరు, మస్జిద్ నుంచి సైరన్ వినపడగానే ఒక్కసారిగా తడి అవుతుంది. ఖర్జూరం ఇంకా చేతిలోనే ఉంటుంది. పెదవులకు తాకి కూడా ఉండదు. సైరన్ మోతకు రుచి లేదు, వాసన లేదు. అయినా నోరూరుతుంది. రోజా పాటించే అలవాటు లేని మనిషి అదే వీధిలో అదే సైరన్ విన్నా అతని నోట్లో ఏ మార్పూ ఉండదు.

చింతకాయ సంగతీ ఇంతే. పచ్చి చింతకాయను ఉప్పు అద్దుకుని తిన్నవారికి దాని పేరు చెబితే చాలు, దవడల కింద జివ్వుమంటుంది. జీవితంలో ఎన్నడూ చింతకాయ ఎరుగని పరదేశీయుడికి ఒక బుట్టెడు తెచ్చి చూపించినా ఏమీ కాదు. ఒకే వస్తువు, ఒకే శబ్దం. ఒకరి శరీరం దానికి స్పందిస్తుంది, మరొకరి శరీరం స్పందించదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ చిన్న ప్రశ్నను పట్టుకుని ఒక మనిషి తన జీవితంలో ముప్పై ఏళ్లకు పైగా గడిపాడు. ఆయన పేరు ఇవాన్ పెట్రోవిచ్ పావ్‌లోవ్. రష్యా దేశస్థుడు. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు గంట, కుక్క అనే రెండు మాటలతో ముగిసిపోతుంది. కానీ ఆయన జీవితం అంత చిన్నది కాదు. అందులో విజ్ఞానం ఉంది, పేదరికం ఉంది, పుత్రశోకం ఉంది, అధికారం ముందు తల వంచని తెగువ కూడా ఉంది.

మనం తలచకముందే జరిగే పని

ముందుగా ప్రతీకార చర్య అంటే ఏమిటో తెలుసుకుందాం. వంటింట్లో పొయ్యి మీది గిన్నెకు పొరపాటున చేయి తగిలిందనుకోండి. చేయి వెంటనే వెనక్కి వస్తుంది. అబ్బా అని మనకు నొప్పి తెలిసేది ఆ తర్వాతే. అంటే చేయి తీయమని మనం ఆలోచించి ఆజ్ఞ ఇవ్వలేదు. మరి ఎవరు ఇచ్చారు?

చర్మంలో వేడిని, గాయాన్ని కనిపెట్టే నాడుల కొసలు ఉన్నాయి. అక్కడ పుట్టిన వార్త జ్ఞాన నాడి గుండా వెన్నుపాముకు చేరుతుంది. వెన్నుపాములో ఆ వార్తను అందుకునే మధ్యవర్తి నాడీకణాలు ఉన్నాయి. అవి దానిని చాలక నాడికి అందిస్తాయి. చాలక నాడి చేతి కండరానికి ముడుచుకోమని చెబుతుంది. అదే క్షణంలో, చేతిని చాచే కండరం సడలిపోవాలన్న సందేశం కూడా వెళుతుంది. రెండు కండరాలూ ఒకేసారి బిగిస్తే చేయి కదలదు కదా! ఈ మార్గమంతటినీ ప్రతీకార చర్యాచాపం అంటారు. మెదడుకు కూడా వార్త వెళుతుంది. కానీ అది చేరి నొప్పిగా తెలిసేలోపే వెన్నుపాము తన పని ముగించేస్తుంది.

వైద్యుడు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగిరిపడటం ఇంకా సూటి మార్గం. అక్కడ మధ్యవర్తి కూడా లేదు. తొడ కండరం సాగిందన్న వార్త తెచ్చే నాడి, కండరాన్ని కదిపే నాడి వెన్నుపాములో నేరుగా కలుస్తాయి. తుమ్ము, దగ్గు, మింగడం, వెలుతురుకు కంటిపాప చిన్నదవడం, పసిబిడ్డ తల్లిపాలు పీల్చడం, ఇవన్నీ ఈ కోవలోనివే. వీటిని మనకు ఎవరూ నేర్పలేదు. పుట్టుకతో వచ్చాయి. ఉర్దూలో ఇటువంటి పనులను ఇజ్తిరారీ అంటాం. అంటే మన ఇష్టంతో నిమిత్తం లేనివి.

అయితే మెదడుకు వీటి మీద బొత్తిగా అదుపు లేదని కాదు. వేడి గిన్నె చేతిలో ఉన్నప్పుడు కాళ్ల దగ్గర పసిబిడ్డ ఆడుకుంటూ ఉంటే తల్లి ఆ గిన్నెను వదలదు. చేయి కాలుతున్నా పళ్ల బిగువున పక్కకు తీసుకెళ్లి దించుతుంది. పై నుంచి మెదడు పంపిన ఆజ్ఞ వెన్నుపాము తొందరను ఆపింది. కింద నుంచి వచ్చే తొందర, పై నుంచి వచ్చే అదుపు, ఈ రెండింటి మధ్య మన రోజు గడుస్తుంది. పావ్‌లోవ్ జీవితకాల పరిశోధన ఈ రెండింటి గురించే.

మతగురువు ఇంటి బిడ్డ

పావ్‌లోవ్ 1849 సెప్టెంబర్ 26న రష్యాలోని ర్యజాన్ పట్టణంలో జన్మించారు. తండ్రి ప్యోతర్ క్రైస్తవ మతగురువు. తల్లి వర్వారా కూడా మతగురువుల కుటుంబం నుంచి వచ్చినదే. ఎంతోమంది సంతానంలో ఇవాన్ పెద్దవాడు. చిన్నతనంలో ఎత్తు నుంచి రాతి నేల మీద పడి గాయపడటంతో చాలాకాలం జబ్బుపడ్డాడు. అందువల్ల బడిలో చేరేసరికి పదకొండేళ్లు వచ్చాయి.

కుటుంబ సంప్రదాయం ప్రకారం ఆయనను మత విద్యాలయానికే పంపారు. తండ్రి బాటలోనే నడుస్తాడని అందరూ అనుకున్నారు. కానీ ఆ రోజుల్లో రష్యా యువకుల్లో విజ్ఞానశాస్త్రం మీద గొప్ప మోజు పుట్టింది. ర్యజాన్‌లో ప్రజా గ్రంథాలయం ఉండేది. పావ్‌లోవ్ అక్కడ దొరికిన పుస్తకాలను అత్యాశతో చదివాడు. ఇవాన్ సేచెనోవ్ అనే శాస్త్రవేత్త 1863లో మెదడు ప్రతీకార చర్యల గురించి రాసిన గ్రంథం ఆయన మీద చెరగని ముద్ర వేసింది. మోకాలి కదలికే కాదు, మన ఆలోచన వంటి పై స్థాయి పనుల మూలంలో కూడా ప్రతీకార చర్యలే ఉన్నాయని సేచెనోవ్ వాదించాడు. ప్రభుత్వ సెన్సార్ అధికారులు ఆ పుస్తకం నీతికి హాని చేస్తుందని అభ్యంతరం పెట్టారు. కానీ సేచెనోవ్ చెప్పింది ఊహ మాత్రమే. ప్రయోగం చేసి చూపినది కాదు. చూపగల మనిషి అప్పటికి ర్యజాన్‌లో మత విద్యార్థిగా ఉన్నాడు.

1870లో పావ్‌లోవ్ మత విద్యను మధ్యలో వదిలి సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాలు చదవడానికి వెళ్లాడు. అక్కడ ఇల్యా త్సియోన్ అనే ఆచార్యుడు ఆయనకు ఉస్తాద్‌గా దొరికాడు. శస్త్రచికిత్సలో సాటిలేని నేర్పు గలవాడు. స్వతహాగా ఎడమచేతి వాటం గల పావ్‌లోవ్ రెండు చేతులతోనూ సమానంగా కత్తి పట్టగల నేర్పు సంపాదించాడు. క్లోమ గ్రంథి నాడుల మీద చేసిన పరిశోధనకు విద్యార్థిగా ఉన్నప్పుడే బంగారు పతకం అందుకున్నాడు. తర్వాత సైనిక వైద్య అకాడమీలో చదివి 1879లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు.

చిల్లిగవ్వ లేని రోజులు

1881లో సెరాఫిమా అనే యువతితో ఆయన వివాహం జరిగింది. ఆమె ఉపాధ్యాయురాలు కావాలని చదువుకున్న యువతి, దైవభక్తి గలది. పెళ్లినాటికి పావ్‌లోవ్ చేతిలో డబ్బు లేదు, స్థిరమైన ఉద్యోగమూ లేదు. కొంతకాలం తమ్ముడు ద్మీత్రి ఇంట్లో తలదాచుకున్నారు. వైద్యుడు బోత్కిన్ ఆసుపత్రి ఆవరణలోని చిన్న చెక్క గదే ఆయన ప్రయోగశాల. మొదటి గర్భం నిలవలేదు. తర్వాత పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. ఆ శోకంలోనూ ఆయన పరిశోధన మానలేదు.

ఆయన జీవిత చరిత్రల్లో ఒక సంఘటన చెబుతారు. గురువు ఇంట్లో పొయ్యి వెలగడం లేదని గమనించిన మిత్రులు, శిష్యులు కొంత సొమ్ము పోగు చేశారు. ఊరకే ఇస్తే పుచ్చుకోడని, ఉపన్యాసాల ఖర్చు అనే పేరుతో అందజేశారు. ఆయన ఆ డబ్బుతో ప్రయోగాలకు జంతువులను కొన్నాడు. ఇంటికి ఒక్క రూబుల్ చేరలేదు. దీనిని మనం మెచ్చుకోవాలా, ఆ ఇల్లాలి పట్ల జాలిపడాలా అన్నది పాఠకులే ఆలోచించుకోవాలి. మా దృష్టిలో పావ్‌లోవ్ విజయంలో సగం భాగం సెరాఫిమాది. ఆయన పేరు విన్న లోకానికి ఆమె పేరు తెలియదు.

1883లో గుండె నాడుల మీద పరిశోధనా వ్యాసం పూర్తిచేసి, ఆ తర్వాత రెండేళ్లు జర్మనీలో కార్ల్ లుడ్విగ్, హైడెన్‌హైన్ వంటి మహామహుల వద్ద పనిచేశాడు. తిరిగి వచ్చాక కూడా కొన్నేళ్లు మంచి పదవి దొరకలేదు. చివరకు 1890లో, నలభై ఏళ్లు దాటాక, సైనిక వైద్య అకాడమీలో ఆచార్య పదవి లభించింది. మరుసటి ఏడాది కొత్తగా స్థాపించిన ప్రయోగాత్మక వైద్య సంస్థలో శరీరధర్మ శాస్త్ర విభాగం బాధ్యత కూడా అప్పగించారు.

జీర్ణరసాల గుట్టు

అప్పటివరకు జంతువును కోసి, అది చనిపోయేలోపు తొందర తొందరగా చూసి పరిశోధన ముగించేవారు. గాయపడి ప్రాణం పోతున్న శరీరం ఆరోగ్యవంతమైన శరీరంలా పనిచేయదని పావ్‌లోవ్ గ్రహించాడు. ఆయన మనుషుల ఆసుపత్రిలో మాదిరిగా శుభ్రమైన శస్త్రచికిత్స గది ఏర్పాటు చేసి, మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసి, కుక్క పూర్తిగా కోలుకున్నాక వారాలు, నెలల తరబడి పరిశీలించాడు. కడుపులో ఒక చిన్న భాగాన్ని నాడులు తెగకుండా వేరుచేసి సంచిలా కుట్టి, దాని రసం బయటకు వచ్చేలా చేశాడు. ఈ పనిలో చాలా కుక్కలు చనిపోయాయి. 1894లో విజయం సాధించి పెట్టిన కుక్క పేరు ద్రుజోక్. రష్యన్‌లో చిట్టి నేస్తం అని అర్థం.

ఇంకొక ప్రయోగం మరీ ఆశ్చర్యకరమైనది. ఆహారనాళాన్ని గొంతు దగ్గర బయటకు తెరిచిన కుక్క ఎంత తిన్నా ముద్ద కడుపులోకి చేరదు, కింద పడిపోతుంది. అయినా కొద్ది నిమిషాల్లో కడుపులో జఠర రసం ధారగా ఊరింది. మెదడు నుంచి కడుపుకు వచ్చే వేగస్ నాడిని కోసేస్తే ఊరలేదు. అంటే నోటికి తగిలిన రుచి నాడుల గుండా కడుపును ముందుగానే సిద్ధం చేస్తోందన్నమాట. జీర్ణక్రియలో నాడుల పాత్రను ఇలా వివరించినందుకు 1904లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ బహుమతి పొందిన మొదటి రష్యన్ ఆయనే.

లోకం ఆయనను జీర్ణక్రియ పండితుడిగా సన్మానించింది. కానీ అప్పటికే ఆయన మనసు మరో దారి పట్టింది.

అడుగుల చప్పుడుకే లాలాజలం

కుక్క చెంపకు చిన్న రంధ్రం చేసి లాలాజలం చుక్కలను లెక్కపెట్టే ఏర్పాటు చేశాడు పావ్‌లోవ్. పొడి రొట్టె పెడితే ఎక్కువగా ఊరింది. ఇసుక వేస్తే నోరు కడుక్కోవడానికన్నట్టు పల్చగా, విస్తారంగా ఊరింది. గులకరాళ్లు వేస్తే దాదాపు ఊరలేదు. వాటిని ఉమ్మివేయడానికి నీరు అవసరం లేదు కదా! ఇదంతా పుట్టుకతో వచ్చిన ప్రతీకార చర్య. నాలుక మీది వార్త నాడుల గుండా మెదడు కాండానికి చేరి, అక్కడి నుంచి గ్రంథికి ఆజ్ఞ వెళ్లడమే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కుక్కలు ఆహారం నోటికి అందకముందే లాలాజలం కార్చసాగాయి. పళ్లెం చూస్తే ఊరింది. రోజూ తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడు వింటే ఊరింది. అడుగుల చప్పుడు నాలుకకు తగిలేది కాదు. మరి ఈ గ్రంథికి ఆజ్ఞ ఇచ్చింది ఎవరు?

సహచరుల్లో ఒకరు కుక్క కోరికలు, భావాలు, ఆలోచనలతో దీనికి సమాధానం చెప్పబోయారు. పావ్‌లోవ్ ఒప్పుకోలేదు. కుక్క మనసులో ఏముందో మనం చూడలేం, లాలాజలం చుక్కలను మాత్రం లెక్కపెట్టగలం అన్నది ఆయన వాదన. కనిపించేదాన్ని, కొలవగలిగేదాన్ని మాత్రమే మాట్లాడాలని ప్రయోగశాలలో కట్టడి చేశాడు. 1903లో మాడ్రిడ్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో తన కొత్త సిద్ధాంతాన్ని ప్రకటించాడు.

ఆయన చెప్పినదాని సారాంశం ఇది. ప్రతీకార చర్యలు రెండు రకాలు. మొదటిది ఏ షరతూ లేనిది. ఆహారం నోట్లో పడితే లాలాజలం ఊరుతుంది, అంతే. రెండవది షరతుకు లోబడినది. ఒక శబ్దం తర్వాత ఆహారం వస్తూ ఉండాలి. అలా అనేకసార్లు జరగాలి. అప్పుడే ఆ శబ్దానికి నోరూరుతుంది. ఆయన వాడిన రష్యన్ మాటకు మన ఉర్దూలోని మష్రూత్ అన్న మాట సరిగ్గా సరిపోతుంది. ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు అది శిక్షణతో అలవాటు చేయబడినది అనే అర్థానికి జారిపోయింది. షరతు అన్న అసలు భావం కొంత మరుగునపడింది.

షరతు తప్పితే

ఈ షరతు అన్న మాటలోనే అసలు సంగతంతా ఉంది. పావ్‌లోవ్ ప్రయోగశాలలో గంట కన్నా ఎక్కువగా మెట్రోనోమ్ అనే టకటకలాడే యంత్రాన్ని, బజర్‌ను, దీపపు వెలుగును, చర్మం మీద స్పర్శను వాడేవారు. శబ్దం ముందు రావాలి, ఆహారం వెంటనే అనుసరించాలి. ఆహారం పెట్టాక శబ్దం చేస్తే ప్రయోజనం దాదాపు ఉండదు. కుదిరిన తర్వాత కూడా శబ్దం చేస్తూ ఆహారం పెట్టడం మానేస్తే లాలాజలం క్రమంగా తగ్గి ఆగిపోతుంది. మోసపోయిన కుక్క ఆ బంధాన్ని తెంచుకుంటుంది.

కానీ పూర్తిగా తెంచుకోదు. కొంత విరామం తర్వాత అదే శబ్దం చేస్తే మళ్లీ కొంత లాలాజలం ఊరుతుంది. దీన్ని బట్టి పాత బంధం చెరిగిపోలేదని, దాని మీద అదుపు మాత్రమే ఏర్పడిందని ఆయన నిర్ధారించాడు. మనిషి మానేశాననుకున్న అలవాటు ఏళ్ల తర్వాత ఒక పాత వీధి మలుపులో ఎందుకు తిరిగి తలెత్తుతుందో ఈ ఒక్క విషయం వల్ల మనకు అర్థమవుతుంది.

ఆయన శిష్యుడొకరు కొన్ని కుక్కపిల్లలను పాల మీదనే పెంచాడు. వాటికి మాంసం చూపించినా, వాసన చూపించినా నోరూరలేదు. కొన్నిసార్లు తిన్న తర్వాతే ఆ వాసనకు ఊరడం మొదలైంది. మన చింతకాయ ప్రశ్నకు జవాబు ఇదే. నోరూరించేది చింతకాయ రూపం కాదు, మన అనుభవంలో దానితో ముడిపడిన పులుపు.

బయటి చప్పుళ్లు ప్రయోగాన్ని చెడగొడుతున్నాయని, 1910 తర్వాత మందమైన గోడలతో ప్రత్యేక భవనం కట్టించారు. మౌన గోపురం అని దానికి పేరు వచ్చింది. 1914లో మరో ముఖ్యమైన విషయం బయటపడింది. వృత్తం చూపితే ఆహారం వస్తుంది, దీర్ఘవృత్తం చూపితే రాదు అని ఒక కుక్కకు నేర్పారు. ఆ తర్వాత దీర్ఘవృత్తాన్ని క్రమంగా గుండ్రంగా మార్చుతూ పోయారు. రెండూ దాదాపు ఒకేలా కనిపించే స్థాయికి వచ్చేసరికి, అప్పటిదాకా శాంతంగా ఉన్న కుక్క అరిచింది, పట్టీలను కొరికింది. అంతకుముందు సులభంగా గుర్తించిన తేడాలను కూడా గుర్తించలేకపోయింది. శక్తికి మించిన పరీక్ష పెడితే జీవి కొత్తది నేర్వకపోగా వచ్చినదాన్ని కూడా పోగొట్టుకుంటుందని దీనివల్ల తెలిసింది.

1924 సెప్టెంబర్ 23న లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచెత్తింది. కుక్కల గదుల్లోకి నీరు వచ్చింది. అవి మెడ వరకు మునిగి ఈదుతుండగా సిబ్బంది వచ్చి కాపాడారు. బతికిన కుక్కల్లో కొన్ని తమ పాత పాఠాలన్నీ మరిచిపోయాయి. నెలల తరబడి ఓపికగా తిరిగి నేర్పించాక, ఒక కుక్క గది తలుపు కింద నుంచి కాసిని నీళ్లు వదిలి చూశారు. అది వణికిపోయి మళ్లీ అంతా మరిచింది. పెద్ద విపత్తును చూసిన మనుషులు సంవత్సరాల తర్వాత కూడా చిన్న సూచనకే కంపించిపోవడానికి ఇది అద్దం పడుతుంది.

ఆకలి రోజులు, నిర్భయం

1917 విప్లవం తర్వాత రష్యాలో అంతర్యుద్ధం, కరువు వచ్చిపడ్డాయి. పావ్‌లోవ్ నోబెల్ సొమ్ము అంతా పోయింది. డెబ్బై ఏళ్ల వయసులో సంస్థ ఆవరణలో తన వంతు నేల తవ్వి కూరగాయలు పండించుకున్నాడు. ప్రయోగశాల కుక్కలు ఆకలితో చనిపోయాయి. ఒక కుమారుడు టైఫస్ జ్వరంతో మరణించాడు. మరో కుమారుడు కొత్త ప్రభుత్వానికి వ్యతిరేకంగా పోరాడిన సైన్యంలో చేరి దేశం విడిచి వెళ్లాడు. 1920లో పావ్‌లోవ్ తానూ దేశం విడిచి వెళ్లడానికి అనుమతి కోరుతూ ప్రభుత్వానికి లేఖ రాశాడు. ఇంతటి శాస్త్రవేత్తను పోగొట్టుకోవడం లెనిన్‌కు ఇష్టం లేదు. 1921 జనవరి 24న ఆయన పరిశోధనకు, జీవనానికి కావలసిన సౌకర్యాలన్నీ కల్పించాలని ప్రత్యేక ఉత్తర్వు వెలువడింది.

ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము పుచ్చుకున్నవాడు నోరు మూసుకుంటాడని లోకరీతి. పావ్‌లోవ్ మూసుకోలేదు. 1923లో విదేశాల నుంచి తిరిగి వచ్చి, నిండు సభలో విద్యార్థుల ముందే ప్రభుత్వ సిద్ధాంతాన్ని విమర్శించాడు.

మా మనసుకు బాగా హత్తుకున్న ఘట్టం ఆ తర్వాతిది. మతగురువుల బిడ్డలన్న కారణంతో సైనిక వైద్య అకాడమీ నుంచి విద్యార్థులను వెళ్లగొట్టడం మొదలైంది. వారి చదువులో లోపం లేదు, నడతలో లోపం లేదు. పుట్టిన ఇల్లే నేరమైంది. పావ్‌లోవ్ యౌవనంలోనే మత విద్యను వదిలినవాడు. ఆయనకు వ్యక్తిగతంగా మత విశ్వాసం మిగలలేదు. ఆయన మౌనంగా ఉండి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ తానూ మతగురువు కొడుకునేనని, ఆ పిల్లలకు చోటు లేని చోట తనకూ చోటు అక్కరలేదని ప్రకటించి, 1924లో ఆచార్య పదవికి రాజీనామా ఇచ్చాడు. మూడు దశాబ్దాలకు పైగా బోధించిన చోటు అది. తాను నమ్మని విశ్వాసం గల ఇంటి పిల్లల కోసం నిలబడటం అంత తేలిక కాదు. ఇంట్లో భార్య ప్రార్థనలకు కూడా ఆయన ఏనాడూ అడ్డు చెప్పలేదు.

1934 డిసెంబర్‌లో కీరోవ్ హత్య తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో అరెస్టులు విపరీతంగా పెరిగాయి. అందరూ గుసగుసలాడటానికి కూడా భయపడే రోజులవి. ఎనభై అయిదేళ్ల పావ్‌లోవ్ ప్రభుత్వానికి నేరుగా లేఖ రాసి, భయంతో పాలించబడే ప్రజలు మనుషులుగా ఎదగలేరని హెచ్చరించాడు. అమాయకులని తాను నమ్మినవారి విడుదల కోసం మళ్లీ మళ్లీ రాశాడు. భయం ఒక జీవిని ఏం చేస్తుందో ఆయన ప్రయోగశాలలో కళ్లారా చూసినవాడు.

ఆయనలో లోపాలు లేవని కాదు. ముక్కు మీద కోపం. ప్రయోగం చెడితే సహచరుల మీద విరుచుకుపడేవాడు. కుక్కల పట్ల జాలి ఉన్నా కత్తి ఆపలేదు. 1935లో తన సంస్థ ఆవరణలో కుక్క స్మారక చిహ్నాన్ని ప్రతిష్ఠింపజేశాడు. ఆ మూగజీవాలకు మానవజాతి రుణపడి ఉందని ఒప్పుకోవడమే అది. అదే ఏడాది ఆగస్టులో ప్రపంచ శరీరధర్మ శాస్త్రవేత్తల మహాసభకు లెనిన్‌గ్రాడ్‌లో అధ్యక్షత వహించాడు. 1936 ఫిబ్రవరి 27న న్యుమోనియాతో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 86.

ఆ తర్వాత తెలిసినవి

పావ్‌లోవ్ చెప్పినదంతా నిలవలేదు. మెదడు పైపొర మీద ఉత్తేజం, నిరోధం అలల్లా వ్యాపిస్తాయని ఆయన ఊహించాడు. తర్వాతి పరిశోధనలు దాన్ని సమర్థించలేదు. ఇటువంటి అభ్యాసాలన్నీ మెదడు పైపొరలోనే జరుగుతాయన్న అభిప్రాయం కూడా సరికాదని తేలింది. శబ్దానికి కన్ను ఆర్పడం నేర్చుకోవడంలో అనుమస్తిష్కానికి, భయాన్ని నేర్చుకోవడంలో మెదడు లోపలి అమిగ్డలా అనే భాగానికి ముఖ్య పాత్ర ఉంది.

కానీ పునాది నిలిచింది. ఎరిక్ కాండెల్ అనే అమెరికా శాస్త్రవేత్త సముద్రపు నత్త మీద పరిశోధించి, ఒక ప్రతీకార చర్యకు అనుభవం తోడైనప్పుడు నాడీకణాలు కలిసే సంధుల బలం మారుతుందని చూపాడు. అందుకు 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. పావ్‌లోవ్ చుక్కల్లో లెక్కపెట్టిన మార్పు ఆ సంధుల్లో జరుగుతోందన్నమాట.

ఆసుపత్రుల్లోనూ దీని ఉపయోగం కనిపిస్తుంది. క్యాన్సర్‌కు మందు ఎక్కించుకునే రోగుల్లో కొందరికి తర్వాతి విడతకు ఆసుపత్రి గుమ్మం తొక్కగానే, సూది పడకముందే వాంతి వస్తుంది. ఆ వాసన, ఆ గది మందు బాధతో ముడిపడిపోయాయి. ఇది రోగి బలహీనత కాదు, నటన కాదు. నాడుల్లో పడిన ముడి. అకారణ భయాలతో బాధపడేవారికి, భయపెట్టే వస్తువును ఏ హానీ లేని వాతావరణంలో కొద్దికొద్దిగా చూపిస్తూ భయం తగ్గించే చికిత్సకు కూడా పావ్‌లోవ్ ప్రయోగాలే మూలం.

మన చేతిలో ఉన్నది

పుట్టుకతో వచ్చిన ప్రతీకార చర్యలు మన చేతిలో లేవు. కానీ షరతుతో ఏర్పడేవి ఉన్నాయే, వాటిలో చాలా భాగం పిల్లలకు పెద్దల చేతుల మీదుగా వస్తాయి. ఇది చదువు చెప్పేవారిగా మమ్మల్ని నిలదీసే విషయం.

వయసులో ఉన్నప్పుడు మేము కూడా బెత్తం పట్టుకునే పాఠం మొదలుపెట్టేవాళ్లం. అదే పద్ధతి అనుకున్నాం. పుస్తకం తెరవడం, దెబ్బ పడటం ఒకదాని వెంట ఒకటి జరిగేవి. కొన్నాళ్లకు బెత్తం బల్ల మీద లేకపోయినా, పుస్తకం తెరవగానే కొందరు పిల్లల అరచేతులు చెమర్చడం చూశాం. వాళ్లు సోమరులని అనుకున్నాం. పావ్‌లోవ్ గురించి చదివాక గాని అసలు సంగతి బోధపడలేదు. ఆ పిల్లలు సోమరులు కారు. మేము నేర్పిన పాఠం బాగా నేర్చుకున్నారు. మేము నేర్పాలనుకున్నది అక్షరం, వారి నాడులు నేర్చుకున్నది భయం. బెత్తం మానేసినంత మాత్రాన ఆ భయం వెంటనే పోలేదు. సెలవుల తర్వాత మళ్లీ మొదటికి వచ్చేది.

మన పెద్దలు బిస్మిల్లా వేడుక రోజున బిడ్డ చేత మొదటి అక్షరం పలికించి నోట్లో మిఠాయి పెట్టేవారు. అక్షరంతో మొదట ముడిపడేది తీపి కావాలని వారికి ఏ ప్రయోగశాలా చెప్పలేదు. అనుభవమే చెప్పింది. మొదటి రోజు తీపితో కట్టిన ముడిని రెండో రోజు బెత్తంతో తెంచకుండా ఉండటం ఇంట్లో తల్లిదండ్రుల చేతిలో, బడిలో మా చేతిలో ఉంది. పావ్‌లోవ్ జీవితం నుంచి మేము నేర్చుకున్నది ఇదే. కాస్త ముందే నేర్చుకుని ఉంటే, ఇప్పుడు పెద్దవారై పిల్లలను కన్న ఆనాటి విద్యార్థులు దారిలో మాకు ఎదురైనప్పుడు, సలాం చేసే వారి చేతుల్లో ఆ పాత బెదురు కనిపించి ఉండేది కాదు.